సర్క్యూట్ బ్రేకర్ ఆర్క్‌ని ఎలా ఆర్పుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) వచ్చినప్పుడు లోపలి లోహపు కాంటాక్టులను విడదీసి కరెంటు దారిని తెంచే స్విచ్చే సర్క్యూట్ బ్రేకర్. దాని గురించి డిప్లొమా, బీటెక్ పిల్లలు, కొత్తగా సబ్‌స్టేషన్‌లో చేరిన ఆపరేటర్లు, ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పుస్తకాల్లో ఈ పాఠం నాలుగైదు రకాల బ్రేకర్ల పట్టికగా ఉంటుంది. ఆ పట్టిక బట్టీ పట్టినవాళ్లు కూడా "ఇంతకీ కరెంటును ఆపేది ఏంటి?" అంటే తడబడతారు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

కాంటాక్టులు విడదీస్తే ఆర్క్ ఎందుకు వస్తుంది?

మూసి ఉన్న రెండు కాంటాక్టులు పైకి నున్నగా కనిపించినా, నిజంగా ఒకదాన్నొకటి తాకేది కొన్ని చిన్న బిందువుల దగ్గరే. విడదీయడం మొదలవగానే ఆ బిందువులు ఒక్కొక్కటిగా వదిలేస్తాయి. చివర్లో మిగిలిన ఒకటి రెండు చోట్ల నుంచే కరెంటు మొత్తం పోవాల్సి వస్తుంది. అక్కడ లోహం కరుగుతుంది, సన్నగా సాగుతుంది, మరుక్షణం ఆవిరైపోతుంది. ఆ ఆవిరిలో, దాని చుట్టూ ఉన్న వాయువులో ఎలక్ట్రాన్లు, అయాన్లు విడిపోయి ఉంటాయి. కరెంటు ఆగకుండా అందులోంచి దారి చేసుకుని పోతుంది. అదే ఆర్క్.

గాలి ఇన్సులేటర్ కదా, మరి అందులోంచి కరెంటు ఎలా పోతుంది?

చల్లగా ఉన్నంతసేపే అది ఇన్సులేటర్. మామూలు గాలి మిల్లీమీటరుకు సుమారు 3 కేవీ, అంటే 3,000 వోల్టులు తట్టుకుంటుంది. ఆర్క్ నడిబొడ్డున వేడి 6,000 నుంచి 20,000 డిగ్రీల దాకా ఉంటుంది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. సూర్యుడి ఉపరితలమే 5,500 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అంత వేడిలో గాలి గాలిగా ఉండదు, ప్లాస్మా అయిపోతుంది.

ఆర్క్‌కి ఇంకో మొండి గుణం ఉంది. మామూలు తీగలో కరెంటు పెరిగితే వోల్టేజీ డ్రాప్ కూడా పెరుగుతుంది. ఆర్క్‌లో కరెంటు పెరిగితే అది లావెక్కి, ఇంకా వేడెక్కి, నిరోధం తగ్గించుకుంటుంది. అందుకే షార్ట్ సర్క్యూట్ కరెంటు జోరుగా పోతున్నప్పుడు ఆర్క్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. అది బలహీనపడే క్షణం కోసం కాచుకోవాలి.

అసలు ఆర్క్ రాకుండా, ఒక్క దెబ్బకు కరెంటు కట్ చేసే బ్రేకర్ తయారు చేయొచ్చు కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను మెచ్చుకుంటాను, ఎందుకంటే ఆర్క్ ఉత్త శత్రువు అనుకోవడమే మన చదువుల్లో పెద్ద లోటు.

లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు అన్నిట్లోనూ ఇండక్టెన్స్ ఉంటుంది. పారుతున్న కరెంటు వల్ల వాటి అయస్కాంత క్షేత్రంలో శక్తి దాగి ఉంటుంది. బోరు మోటారు నీళ్లు జోరుగా పోతున్నప్పుడు గేట్ వాల్వ్ టక్కున కట్టేస్తే పైపు ఎలా అదురుతుందో, వేల ఆంపియర్లను మధ్యలో ఠక్కున ఆపితే వోల్టేజీ అలా ఎగదన్నుతుంది. ఆ వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ ఇన్సులేషన్ చిల్లులు పడుతుంది. కాంటాక్టులు విడిపోయాక కూడా కరెంటుకు దారి ఇచ్చి, అది తనంతట తాను సున్నాకి వచ్చేదాకా నెమ్మదిగా నడిపించేది ఆర్కే. సున్నా దాకా అది మనకు పని చేసి పెడుతుంది. సున్నా దాటాక కూడా బతికి ఉంటేనే చిక్కు.

అంటే కరెంటును బ్రేకర్ ఆపదా?

హై వోల్టేజీ ఏసీలో ఆపదు. మన 50 హెర్ట్జ్ సరఫరాలో కరెంటు సెకనుకు 100 సార్లు, అంటే ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి సున్నా అవుతుంది. ఆ క్షణంలో ఆర్క్‌కి తిండి ఉండదు, తనంతట తానే ఆరిపోతుంది. బ్రేకర్ పనల్లా ఆ సున్నా వచ్చేసరికి కాంటాక్టుల మధ్య చాలినంత దూరం ఉండేలా చూడటం, మధ్యలో మిగిలిన వేడి వాయువును ఊడ్చేసి, ఆర్క్ మళ్లీ రాజుకోకుండా చేయడం.

సున్నా దగ్గర ఆరిపోయాక మళ్లీ ఎందుకు రాజుకుంటుంది?

అసలు కథ ఇక్కడే ఉంది. కాస్త నిదానంగా చదవండి.

షార్ట్ సర్క్యూట్‌లో దాదాపు అంతా ఇండక్టెన్సే కాబట్టి కరెంటు వోల్టేజీ కంటే 90 డిగ్రీల దాకా వెనకబడి ఉంటుంది. అంటే కరెంటు సున్నా అయిన క్షణంలో సరఫరా వోల్టేజీ శిఖరం మీద ఉంటుంది. అప్పటిదాకా ఆర్క్ వల్ల కాంటాక్టుల మధ్య కొద్ది వోల్టేజీయే ఉంది. ఆర్క్ ఆరగానే అది ఒక్కసారిగా ఆ శిఖరానికి ఎగబాకుతుంది. లైన్‌లోని ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ కలిసి ఊగడం వల్ల శిఖరాన్ని కూడా దాటి పైకి పోతుంది. దీన్నే ట్రాన్సియెంట్ రికవరీ వోల్టేజ్, పొట్టిగా టీఆర్‌వీ అంటారు.

ఒక లెక్క చూడండి. 11 కేవీ ఫీడర్‌లో ఒక ఫేజ్ శిఖర వోల్టేజీ సుమారు 9 కేవీ. మూడు పోళ్లలో (ఫేజ్‌కి ఒకటి చొప్పున ఉండే కాంటాక్టు జతల్లో) మొదట ఆరిన పోల్ మీద దానికి ఒకటిన్నర రెట్లు పడుతుంది, అంటే 13.5 కేవీ. పైన చెప్పిన ఊగుడు కలిపితే 19 కేవీ దాకా పోతుంది. 11 కేవీ లైన్లకు వాడే 12 కేవీ తరగతి బ్రేకర్‌ను, కేబుల్ సిస్టమ్‌లకైతే, 20.6 కేవీ శిఖరం ఉన్న టీఆర్‌వీతో పరీక్షించాలని ప్రమాణాలు చెబుతాయి. ఆ వోల్టేజీ అక్కడికి ఎక్కడానికి పట్టే సమయం 60 మైక్రోసెకన్ల చుట్టుపక్కల. కొన్ని మైక్రోసెకన్ల కిందటే వేల డిగ్రీలతో మండిన ఖాళీ ఇప్పుడు అంత వోల్టేజీని తట్టుకోవాలి.

ఒక పక్క ఖాళీ తన బలం తిరిగి తెచ్చుకుంటుంటుంది, మరో పక్క వోల్టేజీ ఎగబాకుతుంటుంది. ఖాళీ ముందుంటే ఆర్క్ పోయినట్టే. వోల్టేజీ ముందుకొస్తే ఆర్క్ మళ్లీ అంటుకుని ఇంకో అర సైకిల్ మండుతుంది. దీన్ని పందెంగా చూసి మొదట వివరించినవాడు వెస్టింగ్‌హౌస్‌లో పనిచేసిన జోసెఫ్ స్లెపియన్, 1928లో. తర్వాత కాసీ 1939లో, మేయర్ 1943లో ఇదే విషయాన్ని శక్తి లెక్కగా మార్చారు: ఆర్క్‌లోకి వచ్చే వేడి కంటే బయటికి పోయే వేడి ఎక్కువైతే ఆర్క్ చస్తుంది. పరీక్షల్లో ఈ సిద్ధాంతాలను వేరువేరుగా అడుగుతారు కానీ, ఇవి ఒకదానికొకటి పోటీ కావు. సున్నా దాటిన మొదటి కొన్ని మైక్రోసెకన్లలో వేడి లెక్క, ఆ తర్వాత ఇన్సులేషన్ లెక్క నడుస్తాయి. రెండింటిలోనూ నెగ్గాలి.

సబ్‌స్టేషన్‌కి దగ్గర్లో ఫాల్ట్ వస్తే కరెంటు ఎక్కువ కదా, అదే కష్టమా?

కరెంటు అక్కడే ఎక్కువ. కానీ బ్రేకర్‌ను ఎక్కువగా ఏడిపించేది లైన్ మీద ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో వచ్చే ఫాల్ట్. కరెంటు కొంచెం తగ్గినా, బ్రేకర్‌కూ ఫాల్ట్‌కూ మధ్య ఉన్న ఆ చిన్న లైన్ ముక్కలో తరంగాలు అటూ ఇటూ కొట్టుకుని, టీఆర్‌వీని విపరీతమైన వేగంతో ఎక్కిస్తాయి. అందుకే హై వోల్టేజీ బ్రేకర్లకు షార్ట్ లైన్ ఫాల్ట్ పేరుతో విడిగా పరీక్ష ఉంటుంది.

ఆర్క్‌ని ఆర్పడానికి ఎన్ని మార్గాలున్నాయి?

సాగదీయడం, ముక్కలు చేయడం, చల్లబరచడం, ఊదేయడం, అసలు అయనీకరణ చెందడానికి వాయువే లేకుండా చేయడం. ఏ బ్రేకర్ తీసుకున్నా వీటిలో రెండు మూడు కలిపే వాడుతుంది.

మా ఇంటి ఎంసీబీ (మినియేచర్ సర్క్యూట్ బ్రేకర్) లో ఏం జరుగుతుంది?

పాడైన ఎంసీబీ ఒకటి దొరికితే, సరఫరా నుంచి తీసేశాక, రివెట్లు ఊడగొట్టి తెరిచి చూడండి. ఏ బొమ్మా చెప్పనంత చెబుతుంది. ఒక మూల రాగి తీగ చుట్టిన కాయిల్, పక్కనే వంగే బైమెటల్ పట్టీ, ఇంకో వైపు దువ్వెన పళ్ల మాదిరి వరసగా పేర్చిన ఇనుప రేకులు ఉంటాయి. సాధారణంగా పదీ పన్నెండు ఉంటాయి, మధ్యలో వి ఆకారంలో కోసి ఉంటాయి. అదే ఆర్క్ చూట్. నాలుగైదు షార్ట్‌లు చూసిన ఎంసీబీ అయితే రేకుల అంచులు కరిగి ఉంటాయి, లోపలి ప్లాస్టిక్ మీద మసి కనిపిస్తుంది.

షార్ట్ రాగానే కాయిల్ కాంటాక్టును లాగేస్తుంది. పుట్టిన ఆర్క్‌ని, దాని కరెంటే పుట్టించిన అయస్కాంత బలం రన్నర్ అనే లోహపు పట్టీ మీదుగా రేకుల వైపు తోస్తుంది. ఇనుము కూడా దాన్ని లోపలికి లాక్కుంటుంది. రేకుల్లోకి వెళ్లగానే ఒక ఆర్క్ కాస్తా పది పన్నెండు పొట్టి ఆర్క్‌లుగా తెగిపోతుంది. ప్రతి పొట్టి ఆర్క్ నిలబడాలంటే దాని రెండు కొసల దగ్గరే 20 నుంచి 30 వోల్టులు కావాలి. అన్నీ కలిపితే 250 నుంచి 350 వోల్టులు. మన 230 వోల్టుల సరఫరా శిఖరం 325. అంటే ఆర్క్ అడిగినంత వోల్టేజీ ఇవ్వడం సరఫరా వల్ల కాదు. అందుకే హై వోల్టేజీ బ్రేకర్‌లా కాకుండా, ఎంసీబీ సహజ సున్నా కోసం చేతులు కట్టుకుని కూర్చోదు. కరెంటు తన పూర్తి శిఖరానికి చేరకముందే అణిచేసి, 10 మిల్లీసెకన్ల లోపే పని ముగిస్తుంది.

ఎంసీబీ మీద 6000 అని, 10000 అని గడిలో రాసి ఉంటుంది. ఏది కొనాలి?

ఆర్పగలిగిన గరిష్ఠ షార్ట్ సర్క్యూట్ కరెంటు అది, ఆంపియర్లలో. మీ ఇంటికి సరఫరా ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఎంత పెద్దదో, ఎంత దూరంలో ఉందో చూడాలి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడ్ కరెంటు 133 ఆంపియర్లు. దాని ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకు అడ్డుపడే గుణం) 4.5 శాతం అనుకుంటే దాని టెర్మినల్స్ దగ్గర షార్ట్ అయినా 3,000 ఆంపియర్లు దాటదు. ఇంటిదాకా వచ్చేసరికి సర్వీస్ వైరు నిరోధం వల్ల ఇంకా తగ్గుతుంది. అలాంటి ఇంటికి 6000 రకం బేషుగ్గా సరిపోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ పక్కనే 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే లెక్క 9,000 దాటుతుంది. అక్కడ మెయిన్ ప్యానెల్‌లో 10000 కంటే తక్కువ పెట్టకండి. షాపువాడు "రెండూ ఒకటే సార్" అంటే నమ్మొద్దు.

నూనె మండుతుంది కదా, దాంట్లో ఆర్క్‌ని ఎలా ఆర్పేవారు?

నూనె మండాలంటే ఆక్సిజన్ కావాలి, ట్యాంకు లోపల అది ఉండదు. ఆర్క్ వేడికి చుట్టూ ఉన్న నూనె విడిపోయి వాయువుల బుడగ పుడుతుంది. ఆ వాయువులో సుమారు 70 శాతం హైడ్రోజన్. వేడిని లాగేయడంలో హైడ్రోజన్‌ని మించిన వాయువు లేదు. ఆర్క్ తానే పుట్టించిన వాయువు తననే చల్లారుస్తుందన్నమాట. చూట్‌లోని సన్నటి దారుల గుండా ఆ వాయువు, నూనె ఆర్క్ మీదుగా ఎగజిమ్మేలా చేసి పని ఇంకా సులువు చేశారు.

తంటా అంతా తర్వాతే. ప్రతి ఫాల్ట్‌కి నూనె కొంత బొగ్గయి నల్లబడుతుంది, వడపోయాలి లేదా మార్చాలి. బయటికొచ్చిన హైడ్రోజన్ గాలితో కలిసి నిప్పు తగిలితే పేలుడే. మినిమమ్ ఆయిల్ బ్రేకర్లు నూనె తగ్గించాయి కానీ మెయింటెనెన్స్ తగ్గించలేదు. కొత్తగా ఎవరూ పెట్టడం లేదు.

ఎయిర్ బ్లాస్ట్ బ్రేకర్లు?

సెంటీమీటర్ చదరానికి 20 నుంచి 30 కిలోల ఒత్తిడితో గాలిని ఆర్క్ మీదకు ఊదేవి. బాగా పనిచేసేవి. కానీ కంప్రెసర్లు, పైపులు, లీకులు, తెరుచుకున్నప్పుడు చెవులు చిల్లులు పడే చప్పుడు. ఎస్‌ఎఫ్6 వాయువు వచ్చాక వీటి పని అయిపోయింది.

ఎస్‌ఎఫ్6 వాయువులో అంత గొప్పేముంది?

ఎస్‌ఎఫ్6 అంటే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. దీన్ని 1900లో ఫ్రాన్స్‌లో మొయిసాన్, లెబో తయారు చేశారు. బ్రేకర్లలోకి వచ్చింది 1950ల్లో. రంగు, వాసన లేదు, మండదు, గాలి కంటే ఐదు రెట్లు బరువు. ఒకే ఒత్తిడి దగ్గర గాలి కంటే రెండున్నర, మూడు రెట్ల వోల్టేజీ తట్టుకుంటుంది.

ఆర్క్ విషయంలో దాని బలం రెండు చోట్ల ఉంది. మొదటిది, ఈ అణువుకు ఎలక్ట్రాన్ల ఆకలి ఎక్కువ. తిరుగాడే తేలికపాటి ఎలక్ట్రాన్‌ని పట్టేసుకుని, తాను బరువైన అయాన్‌గా మారుతుంది. బరువైన అయాన్ చురుగ్గా కదలలేదు, కరెంటు మోయలేదు. రెండోది, 2,000 డిగ్రీల ప్రాంతంలో ఈ అణువు విడిపోతూ వేడిని విపరీతంగా లాగేస్తుంది. దాంతో ఆర్క్ సన్నటి పోగుగా కుంచించుకుపోతుంది. కరెంటు సున్నాకి దిగేటప్పుడు ఆ సన్నటి పోగు చల్లబడటం ఎంతసేపు? విడిపోయిన అణువుల్లో ఎక్కువ భాగం మళ్లీ కలిసి మునుపటి ఎస్‌ఎఫ్6 అయిపోతాయి కూడా.

లోపలి నిర్మాణం చూస్తే, కదిలే కాంటాక్టుతో పాటు ఒక సిలిండర్ కూడా కదిలి లోపలి వాయువును నొక్కుతుంది. నొక్కిన వాయువు టెఫ్లాన్ నాజిల్ గుండా ఆర్క్ వెంబడి దూసుకుపోతుంది. దీన్ని పఫర్ రకం అంటారు. కరెంటు శిఖరం దగ్గర ఆర్క్ నాజిల్ గొంతుకు అడ్డంపడి దాదాపు మూసేస్తుంది. వాయువు బయటికి పోలేక లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కరెంటు తగ్గి ఆర్క్ సన్నబడగానే అడ్డు తొలగి, కూడబెట్టిన ఒత్తిడంతా సరిగ్గా కావలసిన సమయానికి ఊదుతుంది. ఇప్పటి సెల్ఫ్ బ్లాస్ట్ బ్రేకర్లలో ఆ ఒత్తిడిని చాలావరకు ఆర్క్ వేడితోనే పుట్టిస్తారు. అందువల్ల స్ప్రింగ్ మెకానిజం చిన్నది చాలు.

మన ట్రాన్స్‌కోల 132, 220, 400 కేవీ యార్డుల్లో ఇప్పుడు నిలబడి ఉన్నవి దాదాపు ఇవే.

ఎస్‌ఎఫ్6 బ్రేకర్ పోల్ తెరిస్తే తెల్లటి పొడి కనిపిస్తుందంటారు. ముట్టుకోవచ్చా?

వద్దు. ఆర్క్‌లో విడిపోయిన ఫ్లోరిన్ అంతా మళ్లీ సల్ఫర్‌తోనే కలవదు, కొంత రాగి, టంగ్‌స్టన్, అల్యూమినియంతో కలిసి ఆ పొడి అవుతుంది. తేమ తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఒంటికి తగిలితే మంట, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. కుళ్లిన గుడ్ల వాసన వస్తే ఆ గదిలో ఒక్క నిమిషం కూడా ఉండకండి. శుభ్రమైన ఎస్‌ఎఫ్6 విషం కాదు, కానీ బరువైంది కాబట్టి కేబుల్ ట్రెంచ్‌లో, నేలమాళిగలో చేరి ఊపిరాడకుండా చేస్తుంది. పోల్ తెరిచే ముందు గ్యాస్ కార్ట్‌తో వాయువు తీసేసి, మాస్కు, గ్లవ్స్ వేసుకుని, పొడిని ప్రత్యేక వాక్యూమ్ క్లీనర్‌తో తీయడమే పద్ధతి.

వాక్యూమ్ బ్రేకర్ (వీసీబీ) లోపల శూన్యమే కదా, ఆర్క్ దేంట్లో వస్తుంది?

కాంటాక్టుల లోహపు ఆవిరిలో. బయటి నుంచి వాయువేమీ లేదు కాబట్టి ఆర్క్‌కి ఉన్న ఒకే ఆధారం అది. కరెంటు సున్నాకి దిగుతుంటే ఆవిరి పుట్టడం తగ్గుతుంది, ఉన్న ఆవిరి చుట్టూ ఉన్న లోహపు షీల్డ్ మీద, కాంటాక్టుల మీద పేరుకుపోతుంది. కొన్ని మైక్రోసెకన్లలో ఖాళీ మళ్లీ నిజమైన ఖాళీ అవుతుంది. బలం తిరిగి తెచ్చుకునే వేగంలో దీన్ని మించింది లేదు.

కాంటాక్టులుండే మూసిన సీసా లోపల ఒత్తిడి వాతావరణ పీడనంలో కోటో వంతు కంటే కూడా చాలా తక్కువ. అందుకే 11 కేవీకి ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఖాళీ చాలు. మెకానిజం చిన్నది, చప్పుడు తక్కువ, నూనె లేదు, గ్యాస్ లేదు. 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో వీసీబీలు రాజ్యమేలడానికి కారణం ఇదే. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కాలిఫోర్నియాలో సోరెన్‌సెన్, మెండెన్‌హాల్ 1926లోనే ప్రయోగం చేసి చూపించారు. అంత శూన్యాన్ని ఏళ్ల తరబడి సీసాలో నిలబెట్టే విద్య, వాయువు దాచుకోని కాంటాక్టు లోహం వచ్చేసరికి ముప్పై ఏళ్లు దాటింది.

పెద్ద కరెంట్లలో ఒక ఇబ్బంది ఉంది. సుమారు 10 కిలో ఆంపియర్ల దాకా ఆర్క్ కాంటాక్టు అంతటా పలచగా పరుచుకుని ఉంటుంది. అది దాటితే ఒకే చోట ముద్దగా చేరి అక్కడి లోహాన్ని కరిగించేస్తుంది. కరిగిన చోట సున్నా తర్వాత కూడా ఆవిరి వస్తూనే ఉంటుంది, ఆర్క్ తిరిగి రాజుకుంటుంది. దీనికి మందు కాంటాక్టు ఆకారంలోనే ఉంది. డిస్క్‌లో వంకరగా చీలికలు కోస్తే, కరెంటు తన అయస్కాంత బలంతో ఆర్క్‌ని అంచు వెంట గిరగిరా తిప్పుతుంది, ఏ ఒక్క చోటా నిలవనివ్వదు. ఇంకో పద్ధతిలో ఆర్క్ పొడుగునా క్షేత్రం పుట్టించి అది ముద్ద కాకుండా ఆపుతారు. లోహం రాగి, క్రోమియం మిశ్రమం.

కరెంట్ చాపింగ్ అంటే?

వాక్యూమ్ మరీ సమర్థంగా ఉండటం వల్ల వచ్చే తలనొప్పి. చిన్న కరెంట్లలో ఆవిరి చాలక, సున్నా రాకముందే 3 నుంచి 5 ఆంపియర్ల దగ్గర ఆర్క్ పుటుక్కున తెగిపోతుంది. పైన చెప్పిన ఇండక్టెన్స్ సంగతి గుర్తుందా? 4 ఆంపియర్లు తెగిన చోట ట్రాన్స్‌ఫార్మర్ సర్జ్ ఇంపీడెన్స్ (కరెంటు ఠక్కున మారితే ఎంత వోల్టేజీ లేస్తుందో చెప్పే కొలత) 5,000 ఓమ్‌లు ఉంటే 20 కేవీ లేస్తుంది. లోడ్ లేని డ్రై టైప్ ట్రాన్స్‌ఫార్మర్లు, హెచ్‌టీ (హై టెన్షన్) మోటార్లు వీసీబీ మీద ఉన్నచోట, ఎగదన్నే వోల్టేజీని అణిచే సర్జ్ అరెస్టర్ గానీ, ఆర్‌సీ స్నబ్బర్ గానీ అందుకే పెడతారు.

డీసీలో సున్నా రాదు కదా, మరి ఎలా?

రాదు కాబట్టి మనమే తెప్పించాలి. ఆర్క్‌ని సాగదీసి, రేకుల్లో ముక్కలు చేసి, దాని వోల్టేజీని సరఫరా వోల్టేజీ కంటే పైకి తీసుకెళ్తేనే కరెంటు దిగివస్తుంది. బెంగళూరు మెట్రోలో 750 వోల్టుల డీసీ థర్డ్ రైల్‌కి (పట్టాల పక్కన కరెంటు మోసే మూడో పట్టాకి) వాడే హైస్పీడ్ బ్రేకర్ల పద్ధతి ఇదే. హైదరాబాద్ మెట్రోది 25 కేవీ ఏసీ కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు.

వందల కేవీ డీసీలో ఆ పద్ధతి చాలదు. 2012లో ఏబీబీ చూపించిన హైబ్రిడ్ బ్రేకర్‌లో సెమీకండక్టర్లు కరెంటును పక్క దారికి మళ్లించి, 5 మిల్లీసెకన్లలో తెంపి, మిగిలిన శక్తిని అరెస్టర్లలో పోసేస్తాయి. చైనాలో 2020లో మొదలైన జాంగ్‌బే 500 కేవీ డీసీ గ్రిడ్‌లో అలాంటి డీసీ బ్రేకర్లు పనిచేస్తున్నాయి. మన గాజువాక హెచ్‌వీడీసీ (హై వోల్టేజీ డీసీ) స్టేషన్‌లో డీసీ లైనే లేదు, రెండు కన్వర్టర్లు ఒకే చోట ఉంటాయి. ఫాల్ట్ వస్తే కన్వర్టర్లలోని సెమీకండక్టర్ స్విచ్‌లైన థైరిస్టర్లను నిలిపేసి, ఏసీ వైపు బ్రేకర్లు తీస్తే సరిపోతుంది.

ఇంటి సోలార్‌కి మామూలు ఎంసీబీ వాడొచ్చా?

2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న. డీసీ వైపు ససేమిరా వద్దు. ఒక్కో ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 40 నుంచి 50 వోల్టులు. పది వరసగా కలిపితే 400 నుంచి 500 వోల్టుల డీసీ. ఏసీ ఎంసీబీ దాన్ని తెరిచినా ఆర్క్ సున్నా దొరక్క లోపలే మండుతూ ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. సోలార్ ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటు, మామూలు కరెంటు కంటే కాస్తే ఎక్కువ. కాబట్టి ఫ్యూజో ఎంసీబీయో ట్రిప్ అయి కాపాడుతుందన్న భరోసా లేదు. వదులుగా ఉన్న కనెక్టర్ దగ్గర ఆర్క్ మొదలైతే ఎండ ఉన్నంతసేపూ మండుతుంది.

డీసీ ఎంసీబీల్లో కొన్నిటికి ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. లోపల శాశ్వత అయస్కాంతం ఉండి ఆర్క్‌ని చూట్ వైపు తోస్తుంది. తీగలు తారుమారు చేస్తే అదే అయస్కాంతం ఆర్క్‌ని చూట్ నుంచి బయటికి, బాడీ వైపు తోస్తుంది. లోడ్ ఉండగా ఆఫ్ చేసిన నాడు డబ్బా కాలిపోతుంది. బిగించిన అబ్బాయి వెళ్లకముందే ఈ ఒక్కటీ నిలబడి చూసుకోండి. ఆపేటప్పుడు ముందు ఇన్వర్టర్‌ని ఏసీ వైపు ఆఫ్ చేసి, తర్వాతే డీసీ ఐసోలేటర్ తిప్పండి. ఎండలో నడుస్తుండగా ప్యానెల్ కనెక్టర్లు లాగకండి.

ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్‌తో లోడ్ తీసేయొచ్చా?

ఏబీ స్విచ్, ఐసోలేటర్ ఏదైనా సరే, కరెంటు లేనప్పుడు లైన్‌ని విడదీసి ఉంచడానికే, లోడ్ కోయడానికి పెట్టింది కాదు. వాటిలో ఆర్క్‌ని ఆర్పే ఏర్పాటు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఏబీ స్విచ్‌కి ఉన్న కొమ్ములు కొద్దిపాటి కరెంటు ఆర్క్‌ని పైకి పాకించి సాగదీయగలవు, అంతే. నిండు లోడ్ మీద లాగితే ఆర్క్ ఒక ఫేజ్ నుంచి ఇంకో ఫేజ్‌కి అంటుకుంటుంది. కింద నిలబడిన మనిషి మీద కరిగిన లోహం రాలుతుంది.

పొలాల దగ్గర ఫ్యూజ్ పోతే రైతులే ఏబీ స్విచ్ లాగి ఎక్కేయడం మనం చూస్తూనే ఉన్నాం. హ్యాండిల్ కిందికి వచ్చినంత మాత్రాన మూడు బ్లేడ్లూ విడిపోయాయని కాదు. తుప్పు పట్టి ఒకటి అతుక్కుపోయి ఉండొచ్చు, కింది నుంచి చీకట్లో కనిపించదు. ఆ ఒక్క ఫేజే ప్రాణం తీస్తుంది. లైన్‌మన్‌కి ఫోన్ చేయండి, ఆలస్యమైనా ఆగండి.

లైన్ ట్రిప్ అయితే వెంటనే మళ్లీ చార్జ్ చేస్తారు. ఆర్క్ ఆరిందని ఎలా తెలుసు?

బ్రేకర్ లోపలి ఆర్క్ ఎప్పుడో ఆరింది. వేచి చూసేది బయట, ఇన్సులేటర్ మీద వచ్చిన ఆర్క్ కోసం. పిడుగు వల్లనో, కొమ్మ తగలడం వల్లనో వచ్చిన ఫాల్ట్ అయితే సరఫరా పోగానే ఆ ఆర్క్ పోతుంది. కానీ వేడి గాలి చెదిరిపోవడానికి సమయం ఇవ్వాలి. ఆటో రీక్లోజ్ బ్రేకర్ల రేటింగ్ ప్లేట్ మీద ఓ, 0.3 సెకన్లు, సీఓ, 3 నిమిషాలు, సీఓ అని ఉండేది ఈ లెక్కే: తెరుచుకోవడం, 0.3 సెకన్లు ఆగి మూసి తెరవడం, మళ్లీ 3 నిమిషాలకు ఇంకోసారి. 400 కేవీ లైన్లలో ఒక్క ఫేజే తెరిచి ఒక సెకను ఆగుతారు, ఎందుకంటే పక్క రెండు ఫేజుల నుంచి కెపాసిటెన్స్ ద్వారా కొంత కరెంటు ఆ ఆర్క్‌ని ఇంకాసేపు బతికిస్తుంది.

మొత్తం ఎంతసేపట్లో అయిపోతుంది?

400 కేవీలో ఫాల్ట్‌ని 100 మిల్లీసెకన్లలో, 220, 132 కేవీలో 160 మిల్లీసెకన్లలో తొలగించాలని మన గ్రిడ్ ప్రమాణాలు చెబుతాయి. ఇందులో ఫాల్ట్‌ని పసిగట్టే రిలే తీసుకునేది కొంత, 400 కేవీ బ్రేకర్ తీసుకునేది 40. ఆ 40లో కాంటాక్టులు విడిపోవడానికే సగం పోతుంది, ఆర్క్ మండేది 10, 20 మిల్లీసెకన్లే.

ఎస్‌ఎఫ్6 బ్రేకర్‌లో గ్యాస్ ఒత్తిడి తగ్గితే?

ముందు అలారం వస్తుంది. ఇంకా తగ్గితే లాకౌట్: బ్రేకర్‌ని కదలనివ్వరు. ఫాల్ట్ ఉన్నా సరే తెరవకపోవడం వింతగా అనిపిస్తుంది కానీ, ఆర్పలేని బ్రేకర్‌ని తెరిస్తే లోపల ఆర్క్ ఆగకుండా మండి పోలే పేలిపోతుంది. మూసి ఉంటే కనీసం అది భద్రం. అప్పుడు ఎల్‌బీబీ (లోకల్ బ్రేకర్ బ్యాకప్) రక్షణ సాధారణంగా 200 మిల్లీసెకన్లు చూసి, అదే బస్‌కి ఉన్న మిగతా బ్రేకర్లన్నిటినీ తీయిస్తుంది.

ఎస్‌ఎఫ్6ని నిషేధిస్తున్నారట, నిజమేనా?

యూరప్‌లో నిజం. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 24,000 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన చట్టం ప్రకారం 24 కేవీ వరకు కొత్త పరికరాల్లో 2026 జనవరి 1 నుంచి ఆపేశారు, పై వోల్టేజీలకు 2028 నుంచి 2032 దాకా దశలు పెట్టారు, కొన్ని మినహాయింపులతో. 33 కేవీ దాకా వాక్యూమ్ ఎలాగూ ఉంది. 400 కేవీలో ఎస్‌ఎఫ్6కి సాటి వచ్చేది తేవడమే అసలైన కష్టం. నా అంచనా అడిగితే, మన యార్డుల్లో అది ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. లీకులు అరికట్టడం, తీసిన గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టడం ఈలోగా మన చేతిలో ఉన్న పని.

బ్రేకర్ మీద "ఆఫ్" అని చూపిస్తే లైన్ మీద పని చేయొచ్చా?

కుదరదు. ఆ సూచిక చెప్పేది మెకానిజం ఎక్కడుందో మాత్రమే. లోపల లింకు విరిగి ఒక పోల్ కాంటాక్టు కదలకపోయినా అది పచ్చగానే చూపిస్తుంది. వాక్యూమ్ సీసాలో శూన్యం పోయినా బయటికి ఏ గుర్తూ ఉండదు, తెరిచిన కాంటాక్టుల మధ్య హై వోల్టేజీ పరీక్ష పెడితేనే తెలుస్తుంది.

ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని చేయడానికి అనుమతి) తీసుకున్నాక కూడా ఐసోలేటర్ మూడు బ్లేడ్లూ విడిపోయాయని కళ్లతో చూడాలి, తాళం వేయాలి, డిటెక్టర్‌తో వోల్టేజీ లేదని చూసుకోవాలి, పని చేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయాలి. రాడ్ వేసేటప్పుడు ముందు ఎర్త్ క్లిప్ భూమికి బిగించి, తర్వాత లైన్‌కి తగిలించాలి. తీసేటప్పుడు ముందు లైన్ నుంచి తీయాలి, ఎర్త్ క్లిప్ చివర్లో.